మన డివిజన్ గీతలు ఎట్లా చెక్ చేయాలి, అభ్యంతరం ఎట్లా రాస్తే ఆఫీసులో పట్టించుకుంటరు

కార్పొరేటర్లని ఎన్నుకునే వార్డుల (మనం డివిజన్లు అంటం) కొత్త హద్దుల డ్రాఫ్ట్ బయటికొచ్చినంక మన చేతిలో ఉండేది మామూలుగా ఏడు రోజులే. 2025 డిసెంబర్‌ల చూసినం కదా, చుట్టుపక్కల 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు మన హైదరాబాద్ కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీలో కలిపేసి 150 వార్డుల్ని 300 చేస్తూ 9వ తారీఖున ప్రిలిమినరీ నోటిఫికేషన్ ఇచ్చిన్రు, అభ్యంతరాలుంటే వారంల చెప్పమన్నరు, జనం వేలల్ల అర్జీలు రాసిన్రు, మధ్యల హైకోర్టు గడువు రెండు రోజులు పెంచి వార్డులవారీ జనాభా లెక్కలు, మ్యాప్‌లు అందరికీ కనిపించేటట్టు పెట్టమన్నది. ఆ వేల అర్జీలల్ల చాలా వరకు ఒకటే లైను, "మా కాలనీని పక్క డివిజన్‌ల కలపొద్దు" అని. అట్లా రాస్తే ఆ కాగితం మీద ఆఫీసర్ చేయగలిగింది ఏమీ ఉండదు. వద్దు అని చెప్తే సరిపోదు, గీత ఎక్కడ ఉండాల్నో, అక్కడ పెడితే రెండు పక్కల జనాభా ఎంతైతదో మీరే చూపించాలి. ఈ గైడ్ మొత్తం ఆ ఒక్క పని ఎట్లా చేయాల్నో చెప్పడానికే.

టైం గురించి ముందే ఒక మాట గట్టిగా చెప్తున్న. డ్రాఫ్ట్ దశ దాటినంక కోర్టుకి పోదాంలే అనుకోకండి. రాజ్యాంగంల 243 జెడ్‌జీ అని ఒక ఆర్టికల్ ఉంది, మున్సిపల్ వార్డుల విభజనకి సంబంధించిన చట్టం చెల్లుతదా చెల్లదా అని కోర్టులల్ల ప్రశ్నించొద్దు అంటది. నోటీసు ఇయ్యలేదు, లెక్కలు చూపించలేదు, అభ్యంతరాలు వినలేదు అని పద్ధతి గురించి అయితే కోర్టు వింటది గానీ, ఫైనల్ నోటిఫికేషన్ వచ్చి ఎన్నికల పని మొదలైనంక "ఈ గీత అటు జరపండి" అంటే జరిపిచ్చే చోటు దాదాపు ఉండదు. పైగా ఒకసారి గీసిన గీత ఊరికే పోదు, 2016 ఎలక్షన్లకి గీసిన హద్దులతోనే 2020 డిసెంబర్‌ల కూడా ఓట్లేసినం. ఇంగ్లండ్‌ల చిన్న చిన్న టౌన్ కౌన్సిళ్లు, పారిష్ కౌన్సిళ్ల (మన గ్రామ పంచాయతీ లాంటివి) హద్దులు, సీట్లు రివ్యూ చేయాలంటే పైనున్న జిల్లా కౌన్సిల్‌కి పన్నెండు నెలల దాకా టైం ఉంటది, రెండున్నర వేల కంటే ఎక్కువ ఓటర్లున్న ఏరియాల 7.5 శాతం మంది సంతకాలు పెడితే రివ్యూ చేయక తప్పదు. మనకి అసుంటి హక్కు లేదు, ఉండాలని నేను గట్టిగా నమ్ముత, కానీ వచ్చేదాకా ఉన్న వారాన్నే పూర్తిగా వాడుకోవాలి. అందుకే సగం పని డ్రాఫ్ట్ రాకముందే చేసి పెట్టుకోవాలి.

ముందు మీరు ఎక్కడ ఉన్నరో తేల్చుకోండి

ఇది చిన్న విషయం అనిపిస్తది గానీ చాలామంది ఇక్కడనే తప్పిపోతరు. మన పాత సిటీ ఇంటి నంబర్లల్ల ముందుండే అంకె పాత మున్సిపల్ వార్డు, రెండోది బ్లాకు, ఆ తర్వాతది ఇల్లు. బంజారాహిల్స్‌ల 8-2 అని మొదలైతయి కదా, ఆ 8కి ఇప్పటి ఎలక్షన్ డివిజన్ నంబర్‌కి ఏం సంబంధం లేదు. అర్జీల "మేము 8వ వార్డు వాళ్లం" అని రాస్తే ఆ కాగితం వేరే ఫైల్ల పడుతది. మనం నోటితోని డివిజన్ అంటం, గెజిట్‌ల వార్డు అని ఉంటది, రెండూ ఒకటే.

అట్లనే అసెంబ్లీ నియోజకవర్గం వేరు, డివిజన్ వేరు. ఎమ్మెల్యే సీట్ల హద్దులు 2008ల డీలిమిటేషన్ కమిషన్ ఆర్డర్‌తోని వచ్చినయి, వాటిని మున్సిపల్ వాళ్లు ముట్టుకోరు. వార్డుల హద్దులు మాత్రం కమిషనర్ ఆఫీసుల తయారైతయి, రాష్ట్ర ప్రభుత్వం ఫైనల్ చేస్తది. రాష్ట్ర ఎన్నికల సంఘం పని ఆ తర్వాత మొదలైతది, ఓటర్ లిస్టు, పోలింగ్, కౌంటింగ్. కాబట్టి హద్దుల గురించి ఎన్నికల సంఘానికి రాస్తే అది మళ్లీ తిరిగి తిరిగి కమిషనర్ దగ్గరికే పోవాలి, వారం అయిపోతది.

ఇంకోటి, మీది సికింద్రాబాద్ కంటోన్మెంట్ కిందకి వస్తదేమో చూస్కోండి. కార్ఖానా, తిరుమలగిరి వైపు చాలా కాలనీలు కంటోన్మెంట్ బోర్డు కిందనే ఉన్నయి, దానికి ఎనిమిది వార్డులు వేరే, చట్టం వేరే, ఢిల్లీ రక్షణ శాఖ చేతిల ఉంటది. మీ ప్రాపర్టీ ట్యాక్స్ రసీదు మీద ఎవరి పేరు ఉందో చూస్తే ఒక్క నిమిషంల తేలిపోతది. శివార్లల్ల ఉన్నోళ్లయితే, అంటే నిజాంపేట్, మణికొండ, బోడుప్పల్, పీర్జాదిగూడ, తుర్కయంజాల్ అట్లాంటి దిక్కు, మీ పాత మున్సిపాలిటీ వార్డు నంబర్ ఇక పనికిరాదు, లేటెస్ట్ నోటిఫికేషన్‌ల మీ ఏరియా ఏ కార్పొరేషన్, ఏ సర్కిల్ (కొన్ని వార్డులకి కలిపి ఉండే లోకల్ ఆఫీసు), ఏ వార్డు అని ఉందో అదే రాయాలి.

డ్రాఫ్ట్ చేతికొచ్చినంక ఎట్లా చదవాలి

నోటిఫికేషన్ కార్పొరేషన్ వెబ్‌సైట్‌ల పీడీఎఫ్‌గా ఉంటది, హెడ్డాఫీసు, జోనల్, సర్కిల్ ఆఫీసులల్ల కూడా చూడనీకి పెడుతరు. ప్రతి వార్డుకి నాలుగు దిక్కుల హద్దులు రాసి ఉంటయి, ఉత్తరం ఫలానా జంక్షన్ నుంచి ఫలానా నాలా దాకా, తూర్పు అక్కడి నుంచి రైల్వే లైన్ వెంబడి, ఇట్లా. మ్యాప్ చూసి సరే అనుకోకండి, చట్టపరంగా నిలబడేది ఎక్కువగా ఆ రాతనే. మ్యాప్‌ల గీత సక్కగా ఉంటది, రాతల ఒక ఇంటి నంబర్ తప్పు పడి మీ గల్లీ మొత్తం అటు పోతది.

ఆ నాలుగు దిక్కుల రాతని పట్టుకుని గూగుల్ మై మ్యాప్స్‌ల మీరే గీయండి. ఫోన్‌ల కష్టం, ల్యాప్‌టాప్ ఉన్న పిల్లల్ని ఎవర్నైనా కూర్చోబెట్టుకోండి, ఇంజనీరింగ్ చదివే పోరగాళ్లు గంటల చేసిస్తరు. గీస్తున్నప్పుడే తప్పులు బయటపడతయి. ఉత్తరం హద్దు ముగిసిన చోట తూర్పు హద్దు మొదలు కాకపోవచ్చు, మధ్యల గ్యాప్ వస్తది. ల్యాండ్‌మార్క్ అని రాసిన టాకీసు కూలగొట్టి ఏండ్లయి ఉండొచ్చు, ఒకటే పేరుతోని రెండు వినాయక గుడులు ఉండొచ్చు. మీ ఒక్క వార్డే కాదు, చుట్టూ ఉన్న అన్ని వార్డుల రాత కూడా తీసి పక్కపక్కన పెట్టుకోండి, మీ తూర్పు హద్దు ఏదో పక్క వార్డు పడమర హద్దు కూడా అదే కావాలి. రెండు రాతలు కలవకపోతే ఆ మధ్య ఇండ్లు రెండింట్లనైనా ఉంటయి, లేకపోతే దేంట్లా ఉండవు. ఇది మీకు దొరికితే మీ అర్జీల మొట్టమొదట ఇదే రాయండి, ఎందుకంటే ఇది అభిప్రాయం కాదు, తప్పు, దాన్ని సరిచేయక వాళ్లకి వేరే దారి లేదు.

లెక్క, ఇక్కడ ఓపిక కావాలి

రూల్ ప్రకారం వార్డులల్ల జనాభా వీలైనంత వరకు సమానంగా ఉండాలి, సగటు మీద పది శాతం అటూ ఇటూ ఒప్పుకుంటరు. జనాభా అంటే ఇప్పుడు ఉన్నోళ్లు కాదు. రాజ్యాంగం 243 పీ ప్రకారం చివరిసారి అచ్చయిన జనాభా లెక్కలే జనాభా, అంటే మనకి ఇంకా 2011 లెక్కలే. తర్వాతి జనగణనకి 2027 మార్చి 1 తేదీ పెట్టిన్రు, దానికోసం ఊర్ల, వార్డుల హద్దులన్నీ 2025 డిసెంబర్ 31 కల్లా ఖాయం చేస్కోవాలని కేంద్రం చెప్పింది, ఆ డిసెంబర్ల ఉరుకులు పరుగులకి అది కూడా ఒక కారణమే.

2011ల పాత జీహెచ్‌ఎంసీ హద్దుల జనాభా 67 లక్షల పైచిలుకు, 150తోని భాగిస్తే వార్డుకి దాదాపు 45 వేలు. ఇది కాగితం మీద. నిజంగా ఓటర్ల లెక్క చూస్తే 2020 ఎలక్షన్ల మైలార్‌దేవ్‌పల్లి డివిజన్ల 79 వేల దాకా ఓటర్లు, రామచంద్రాపురంల 28 వేల దగ్గర. ఒక కార్పొరేటర్ కింద ఇంకో కార్పొరేటర్ కంటే రెండున్నర రెట్లకు పైగా జనం. అక్కడ ఓటు విలువ ఇక్కడ ఓటు విలువ ఒకటి కాదు అన్నట్టే కదా, నాకు ఈ మొత్తం యవ్వారంల అన్నిటికంటే బాధ పెట్టేది ఇదే. వేరే సిటీలు చూస్తే ముంబైకి 227 వార్డులు, చెన్నైకి 200, ఢిల్లీకి 250, మనం మాత్రం 2009 నుంచి 150 మీదనే నడిపినం, మధ్యల 2015ల 200 చేస్తమన్నరు, తర్వాత అది ఆగిపోయింది.

ఇప్పుడు కొందరు అర్జీ మొత్తం "2011 లెక్కలు పాతవి, మా కోకాపేట, నార్సింగి దిక్కు అప్పుడు పొలాలు, ఇప్పుడు టవర్లు" అని రాస్తరు. మాట నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఆఫీసర్‌కి చట్టం ఆ లెక్కే వాడమంటది, దాన్ని మార్చే పవర్ ఆయనకి లేదు. అందుకని ముందు 2011 లెక్కలోనే మీ మాట నిలబడాలి, ఆ తర్వాత ఒక పేరాల ఇప్పటి ఓటర్ల సంఖ్య చూపించి "ఈ గీత వల్ల వ్యత్యాసం ఇంకా పెరుగుతది" అని సపోర్టుగా పెట్టండి. ఇప్పటి ఓటర్ల లెక్క ఎట్లా అంటే, రాష్ట్ర ముఖ్య ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌ల అసెంబ్లీ ఓటర్ లిస్టులు పోలింగ్ స్టేషన్ వారీగా పీడీఎఫ్‌లు ఉంటయి, ఒక్కొక్క భాగం ముందు పేజీల ఏ కాలనీలు, ఏ ఇంటి నంబర్లు అందులో ఉన్నయో, మొత్తం ఓటర్లెందరో రాసి ఉంటది. మీ గీతకి అటూ ఇటూ వచ్చే భాగాలు కూడుకుంటే చాలు.

లెక్క చేసే పద్ధతి ఉదాహరణకి చెప్తా, అంకెలు ఊరికే పెట్టినవి. సగటు 45,000 అనుకోండి, అంటే 40,500 నుంచి 49,500 దాకా ఓకే. మీ వార్డు 49,000, సగటు కంటే 8.9 శాతం ఎక్కువ. పక్క వార్డు 42,000, అంటే 6.7 శాతం తక్కువ. మీ కాలనీ మధ్యలకి గీత పడ్డది, మీ దిక్కు పడ్డ సగంల 2,800 మంది ఉన్నరు. ఆ 2,800 పక్క వార్డుకి ఇస్తే కాలనీ మొత్తం ఒకటే చోట ఉంటది, మీది 46,200 అయితది, పక్కది 44,800 అయితది, రెండూ సగటుకి ఇంకా దగ్గరైతయి. ఇట్లాంటి అర్జీని కాదనాలంటే ఆఫీసర్‌కి కారణం దొరకదు.

కానీ మీ వార్డు 41,500 అనుకోండి. అందులకెళ్లి 2,800 తీస్తే 38,700, సగటుకి 14 శాతం తక్కువ, రూల్ దాటిపోయింది. ఇప్పుడు వేరే దిక్కు నుంచి ఒక రెండున్నర వేలమందిని తీసుకోవాలి, అప్పుడు 41,200 అయి లోపలికొస్తది, కానీ ఆ ఇచ్చే వార్డు పరిస్థితి ఏంది అది కూడా లెక్కేయాలి. ఒక చోట ముడి విప్పితే ఇంకో చోట పడుతది, కాబట్టి తగిలే ప్రతి వార్డు ముందు ఎంత, తర్వాత ఎంత అని చిన్న పట్టిక వేసి పెట్టండి. జనాభా లెక్కల ఎన్యూమరేషన్ బ్లాకులు అనేవి ఒక్కోటి ఆరేడొందల మంది దాకా ఉంటయి, వార్డుల్ని ఆ బ్లాకులు పేర్చే తయారు చేస్తరు, సో మీరు అడిగే మార్పు కూడా బ్లాకుల లెక్కల ఉంటే వాళ్లకి పని సులువు. బ్లాకులవారీ జాబితా సర్కిల్ ఆఫీసుల అడగండి, ఇయ్యకపోతే "అడిగినం, ఇయ్యలేదు" అని తేదీతోని సహా అర్జీల రాయండి, రేపు పద్ధతి గురించి మాట్లాడాల్సి వస్తే అది పనికొస్తది.

కాగితం పక్కన పెట్టి ఒకసారి నడవండి

లెక్క అయినంక హద్దు మొత్తం కాలినడకన తిరగాలి, ఇద్దరు ముగ్గురు కలిసి పొద్దున్నే వెళ్తే సగం దినంల అయిపోతది. చూడాల్సింది, గీత ఉన్న చోట నిజంగా మనుషులు విడిపోయి ఉన్నరా లేదా. రైల్వే లైను, పెద్ద నాలా, మూసీ, మెట్రో కింద డివైడర్ ఉన్న మెయిన్ రోడ్డు, ఇవి మంచి హద్దులు, ఎందుకంటే జనం వాటిని దాటి రోజూ అటూ ఇటూ తిరగరు. గల్లీ మధ్యల పోయే గీత చెడ్డ హద్దు, ఎదురెదురు ఇండ్లకి ఇద్దరు కార్పొరేటర్లు, డ్రైనేజీ పొంగితే మీది మీది అని ఒకరి మీదొకరు చెప్పుకుంటరు, లైటు పోతే రెండు సర్కిళ్లు తిరగాలి.

మూసీకి రెండు ఒడ్డుల్ని ఒకటే వార్డుల కలిపిన చోట ప్రత్యేకంగా చూడండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడల్లా మూసారాంబాగ్, చాదర్‌ఘాట్ దగ్గర కిందుండే వంతెనల మీద రాకపోకలు ఆపేసుడు చూసినం, 2025 సెప్టెంబర్‌ల ఎంజీబీఎస్ బస్టాండ్‌ లోపలికే నీళ్లొచ్చినయి. వరద రోజునే కదా కార్పొరేటర్‌తోని, వార్డు ఆఫీసుతోని ఎక్కువ పని పడేది, ఆ రోజే ఆఫీసు అవతలి ఒడ్డున ఉండి దారి బందయితే ఇవతలోళ్లు ఏం చేయాలి. ఇట్లాంటివి అర్జీల రాస్తే బరువుంటది, తేదీ, ఫోటో జత చేయండి.

అట్లనే జనం ఏ పనికి ఎటు పోతరో రాసుకోండి. రేషన్ షాపు ఎక్కడ, బస్తీ దవాఖానా ఎక్కడ, అంగన్‌వాడీ, సర్కారు బడి, బోనాలు ఏ గుడికి తీస్తరు, ఏ మసీదుకి పోతరు, బస్ ఎక్కడ ఎక్కుతరు. "మా కాలనీ ఐక్యత దెబ్బతింటుంది" అని రాసే బదులు "ఈ మూడు వందల ఇండ్లోళ్ల రేషన్ షాపు, దవాఖానా, బడి మూడూ నాలాకి ఇవతలనే ఉన్నయి" అని రాస్తే చదివేటోనికి అర్థమైతది.

ఒక విషయం ఇక్కడ మనసులో మాట చెప్పాలి. కొన్ని కాలనీ అసోసియేషన్లు, గేటెడ్ కమ్యూనిటీలు పక్కనున్న బస్తీని మా డివిజన్లకెళ్లి తీసేయండి అని అడుగుతయి. దయచేసి అట్లా అడగకండి. ఆ బస్తీలకెళ్లే మన ఇండ్లల్ల పని చేసేటోళ్లు, మన చెత్త తీసేటోళ్లు, ఆటో నడిపేటోళ్లు వస్తరు, ఒకటే నాలా, ఒకటే నల్లా లైను. పైగా ఓట్లకి క్యూల నిలబడేది కూడా ఎక్కువ వాళ్లే, 2020ల సిటీ మొత్తం పోలింగ్ యాభై శాతం కూడా దాటలేదు, 46 శాతం చిల్లర. అర్జీ రాసే ముందు బస్తీకి పోయి మహిళా సంఘం వాళ్లతోని, పెద్ద మనుషులతోని కూర్చోని వాళ్లకి ఏ పక్క ఉంటే మంచిదో అడగండి. కాలనీ, బస్తీ కలిసి ఇచ్చిన అర్జీకి ఉండే బలం వేరు.

అర్జీ రాయడం

ఒక పేజీ, మహా అయితే రెండు. తెలుగుల రాయొచ్చు, ఏం భయం లేదు. పార్టీల పేర్లు, ఫలానా నాయకుని కోసమే ఇట్లా గీసిన్రు అనే మాటలు రాయకండి, నిజమే అయినా ఈ కాగితంల రుజువు చేయలేరు, మీ అసలు పాయింట్ దాని కింద మునిగిపోతది. రిజర్వేషన్ గురించి కూడా ఇందులో కలపకండి. ఏ వార్డు మహిళలకి, బీసీలకి, ఎస్సీ, ఎస్టీలకి అనేది విభజన అయినంక వేరే తేలుస్తరు, జీహెచ్‌ఎంసీల మహిళలకి సగం సీట్లు, 2016, 2020 రెండు సార్లూ 150ల 50 బీసీలకి, 10 ఎస్సీలకి, 2 ఎస్టీలకి ఉండె. రెండు విషయాలు ఒకటే కాగితంల పెడితే రెండూ నడవవు.

ఇట్లా ఉంటే చాలు, మీ వివరాలు మార్చుకోండి:

"కమిషనర్ గారికి, ఫలానా సర్కిల్ డిప్యూటీ కమిషనర్ గారి ద్వారా.
విషయం: ఫలానా తేదీ ప్రిలిమినరీ నోటిఫికేషన్‌లో ఫలానా నంబర్ వార్డు తూర్పు సరిహద్దుపై అభ్యంతరం, ప్రత్యామ్నాయ ప్రతిపాదన.
అయ్యా, ప్రతిపాదిత తూర్పు సరిహద్దు మా కాలనీ 4వ వీధి మధ్యగా వెళుతున్నది. దీనివల్ల ఒకే కాలనీలోని ఇళ్లు రెండు వార్డులలోకి వెళుతున్నాయి. ఈ సరిహద్దును వీధి నుండి కాలనీకి పడమరన ఉన్న నాలాకు మార్చవలసిందిగా కోరుతున్నాము. మార్పు వలన ప్రభావితమయ్యే ఎన్యూమరేషన్ బ్లాకులు, రెండు వార్డుల జనాభా మార్పుకు ముందు, తరువాత జతచేసిన పట్టికలో ఉన్నాయి. రెండు వార్డులూ నిబంధనల ప్రకారం పది శాతం పరిమితిలోనే ఉంటాయి. మ్యాప్, ఫోటోలు జతపరిచాము. మా ప్రతినిధులకు స్వయంగా వివరించే అవకాశం ఇవ్వగలరు. మా ప్రతిపాదనను అంగీకరించని పక్షంలో కారణాలను రాతపూర్వకంగా తెలియజేయగలరు."

చివరి రెండు వాక్యాలు మర్చిపోకండి, తర్వాత వాటితోనే పని. కింద సంతకాలు పెట్టేటోళ్లు ఇంటి నంబరు, ఓటర్ కార్డు నంబరు రాస్తే మంచిది, ఆఫీసుకి ఇచ్చే కాపీల మాత్రమే, దాని ఫోటో వాట్సాప్‌ల తిప్పొద్దు. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఒకటి, దానితో పాటు మీటింగ్ తీర్మానం కాపీ, విడిగా ఇండ్లోళ్లు ఇచ్చే అర్జీలు వేరే. ఒకటే జిరాక్స్ మీద ఐదొందల మందితోని ఇప్పించే కంటే తలా ఒక్కో కారణం సొంతంగా రాసిన ఇరవై అర్జీలు మేలని నా ఉద్దేశం.

ఇచ్చేటప్పుడు, ఇచ్చినంక

రెండు కాపీలు పట్టుకపోండి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద ఇన్వార్డ్ నంబరు (అర్జీ తీసుకున్నట్టు ఆఫీసోళ్లు వేసే నంబరు), తేదీ, స్టాంపు వేయించుకోండి. స్టాంపు లేని అర్జీ ఇచ్చినట్టే కాదు. సర్కిల్‌ల మేం తీసుకోం అంటే గొడవ పడుతూ నిలబడకండి, హెడ్డాఫీసు ఇన్వార్డ్‌ల ఇచ్చేయండి, ఈమెయిల్ కూడా పెట్టండి, స్పీడ్ పోస్ట్ రసీదు ఇంకా మంచిది. చివరి రోజు సాయంత్రం దాకా ఆగొద్దు, ఆ రోజు కౌంటర్ల దగ్గర ఎంత రద్దీ ఉంటదో తెలిసిందే.

ఫైనల్ నోటిఫికేషన్ వచ్చినంక మళ్లీ పాత పద్ధతిలోనే నాలుగు దిక్కుల రాత చదివి, మీరు గీసిన మ్యాప్ మీద పెట్టి చూడండి. మారిందా మంచిదే. మారకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద అర్జీ) పెట్టండి, పది రూపాయల ఫీజు, ముప్పై రోజులల్ల జవాబు ఇయ్యాలి. అడగాల్సింది "ఎందుకు మార్చలేదు" అని కాదు, అట్లా అడిగితే మా దగ్గర అట్లాంటి సమాచారం లేదంటరు. ఫలానా ఇన్వార్డ్ నంబర్ అర్జీ మీద రాసిన ఫైల్ నోట్ కాపీ, ఫీల్డ్ ఎంక్వైరీ రిపోర్టు కాపీ, మా వార్డుకి వాడిన ఎన్యూమరేషన్ బ్లాకుల జాబితా కాపీ అని అడగండి. ఆర్టీఐ చట్టం సెక్షన్ 4ల ఒక నిర్ణయం వల్ల ఎవరి మీద ప్రభావం పడుతదో వాళ్లకి కారణాలు చెప్పాలని కూడా ఉంది, అది కోట్ చేయండి. ఈ కాగితాలు ఈసారి గీతని మార్చకపోవచ్చు. కొత్త జనాభా లెక్కలు అచ్చయినంక మళ్లీ విభజన వస్తది, అప్పుడు మొదటి రోజే టేబుల్ మీద పెట్టడానికి మీ దగ్గర ఫైలు ఉంటది, అసోసియేషన్ల ప్రెసిడెంట్ మారినా ఫైలు మారకుండా ఒక చోట పెట్టండి, స్కాన్ చేసి డ్రైవ్‌ల కూడా వేయండి.

ఇంకో ముఖ్యమైన దశ ఉంది, చాలామంది ఇక్కడికి వచ్చేసరికి అలిసిపోయి వదిలేస్తరు. హద్దులు ఖాయమైనంక అసెంబ్లీ ఓటర్ లిస్టుని వార్డులవారీగా ముక్కలు చేసి డ్రాఫ్ట్ లిస్టు పెడుతరు, దానికీ అభ్యంతరాలకి కొన్ని రోజులే టైం. ఈ పని ఇంటి నంబర్లు చూసి చేస్తరు కాబట్టి గెజిట్‌ల మీ గల్లీ ఒక వార్డుల ఉన్నా ఓట్లు పక్క వార్డు లిస్టుల పడొచ్చు, ఒకటే ఇంట్ల భర్త ఓటు ఒక డివిజన్ల, భార్య ఓటు ఇంకో డివిజన్ల పడడం మన సిటీల కొత్త ముచ్చట కాదు. గల్లీకి ఒకరిని పెట్టుకుని పది పది ఇండ్లు పంచుకోండి, ప్రతి ఇంటి పేర్లు ఏ వార్డు లిస్టుల, ఏ పోలింగ్ స్టేషన్ల ఉన్నయో టిక్ పెట్టుకుంటూ పోండి, తప్పున్నవి ఒకే కాగితం మీద ఇంటి నంబరు వరుసల రాసి సర్కిల్ ఆఫీసుల ఇయ్యండి. పోలింగ్ స్టేషన్ల డ్రాఫ్ట్ జాబితా కూడా వస్తది, ముసలోళ్లు నడవలేనంత దూరం పడితే, మెయిన్ రోడ్డు దాటాల్సి వస్తే, దగ్గరల ఏ బడిల గదులున్నయో పేరుతో సహా రాసి అక్కడికి మార్చమని అదే రోజు అడగండి.